ట్రాక్టరు ఇంజిన్లలో కర్బన నిక్షేపాలు: మడికొండ ప్రాంత సాగు క్రమంలో నిర్ధారణ, తొలగింపు, నివారణ

ఉపోద్ఘాతం

హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారిపై కాజీపేటను ఆనుకొని ఉన్న మడికొండ నేడు గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థలో భాగం. ఒకవైపు పారిశ్రామికవాడ, ఐటీ పార్కు విస్తరిస్తున్నా, పరిసరాల్లో సేద్యం ఇంకా కొనసాగుతూనే ఉన్నది. నీటి వసతి ఉన్న చోట వానాకాలం, యాసంగి రెండు పంటలూ వరి పండుతుంది. చెల్కల్లో, నల్లరేగడిలో పత్తి, మొక్కజొన్న సాగవుతాయి. ఎడ్ల జతలు తగ్గిపోవడంతో దుక్కి, దమ్ము, రవాణా, నూర్పిడి అన్నీ ట్రాక్టరు ఇంజిన్ మీదే ఆధారపడ్డాయి. కాబట్టి ఇంజిన్ ఆరోగ్యాన్ని మెకానిక్‌కు మాత్రమే సంబంధించిన విషయంగా భావించడానికి వీలులేదు. అది పంట అదనుకు సంబంధించిన విషయం.

వరి నారు మడిలో సిద్ధంగా ఉండి, చెరువు లేదా బావి నీరు అందుబాటులో ఉండి, కూలీలు కుదిరిన రోజున దమ్ము చేసే ట్రాక్టరు నల్లని పొగ విడుస్తూ లాగలేక నిలిచిపోతే, ఆ నష్టం మరమ్మతు బిల్లుతో ఆగదు. మధ్యకాలిక రకాల్లో సుమారు 25 రోజుల వయసున్న నారు నాటడం మంచిది. నారు ముదిరిన కొద్దీ పిలకలు తగ్గుతాయి. వానాకాలం నాట్లు ఆలస్యమైతే కోత ఆలస్యమవుతుంది. దానితో యాసంగి నాట్లు వెనుకబడి, ఆ పంట కోతకు వచ్చే నాటికి ఏప్రిల్ చివరి ఈదురుగాలులు, వడగండ్ల ముప్పు ఎదురవుతుంది. ఇంజిన్‌లో నెలల తరబడి పేరుకున్న మసి ఈ గొలుసులో మొదటి కొక్కెం కావచ్చు.

మసిని గోకి తీయడం చికిత్సలో సగం మాత్రమే. అది ఎందుకు పేరుకున్నదో గుర్తించి ఆ కారణాన్ని సరిచేయనిదే కొద్ది కాలానికే మళ్లీ చేరుతుంది. ఈ రెండు పనులకూ పంటల మధ్య విరామమే సరైన సమయం. ఈ అంశాన్ని మడికొండ పరిసర సాగు పరిస్థితులకు అన్వయించి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కర్బనం పేరుకునే తీరు

డీజిల్ ప్రధానంగా కర్బనం, ఉదజనిల సమ్మేళనం. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సిద్ధాంతరీత్యా దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. అంటే ఒక లీటరు డీజిల్‌కు సుమారు 10 ఘనపు మీటర్ల గాలి అవసరమవుతుంది. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం చివరి క్షణంలో తుంపరగా చిమ్మబడుతుంది గనుక అది గాలితో కలవడానికి దొరికే వ్యవధి చాలా తక్కువ. అందువల్ల ఆచరణలో ఇంకా ఎక్కువ గాలి ఉండాలి. గాలి తగ్గినా, తుంపర ముతకగా పడినా, సిలిండర్ తగినంత వేడిగా లేకపోయినా ఇంధనంలోని కర్బనం కొంత కాలకుండానే మసిగా మిగులుతుంది.

ఈ మసిలో అధిక భాగం పొగతో బయటకు పోతుంది. మిగిలినది సగం కాలిన ఇంధనపు జిగురుతో, రింగులు దాటి పైకి వచ్చిన ఇంజిన్ ఆయిల్‌తో కలిసి వేడికి గట్టిపడి పొరగా అతుక్కుంటుంది. ఇంజెక్టర్ నాజిల్ కొన, పిస్టన్ తల, పిస్టన్ రింగుల గాడులు, ఎగ్జాస్ట్ వాల్వులు, వాటి సీట్లు, ఎగ్జాస్ట్ మార్గం, సైలెన్సర్ దీనికి స్థావరాలు. వీటిలో నాజిల్ కొన, రింగుల గాడి అత్యంత కీలకమైనవి. నాజిల్ రంధ్రం వద్ద మసి చేరితే తుంపర చెదిరి, మరింత మసి పుడుతుంది. గాడిలో చేరితే రింగు బిగుసుకుపోయి, మంట వాయువులు క్రింది ఆయిల్ గదిలోకి, ఆయిల్ పైకి చేరతాయి. ఈ విధంగా మసి తనను తాను పెంచుకుంటూ పోతుంది.

ఈ ప్రాంతంలో ప్రధాన కారణాలు

దుమ్ము: ఏప్రిల్, మే నెలల పొడి దుక్కుల్లో, పత్తి కట్టెను ముక్కలు చేసేటప్పుడు, మొక్కజొన్న, వరి నూర్పిడిలో ట్రాక్టరు దుమ్ము మధ్యనే పనిచేస్తుంది. ఎయిర్ క్లీనర్ మూసుకుపోతే గాలి తగ్గి నల్ల పొగ మొదలవుతుంది. దానికి విసిగి ఎయిర్ క్లీనర్ గొట్టాన్ని వదులు చేస్తే దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి చేరి రింగులను, లైనర్లను అరగదీస్తుంది. ఆపై ఆయిల్ కాలడం వల్ల కర్బనం పేరుకుంటుంది.

పని లేకుండా ఇంజిన్ నడపడం: బ్యాటరీ బలహీనంగా ఉన్న ట్రాక్టరును మళ్లీ స్టార్ట్ కాదన్న భయంతో భోజన సమయంలోనూ, ట్రాలీ నింపేటప్పుడూ ఆపకుండా ఉంచడం సాధారణం. తక్కువ వేగంలో, బరువు లేకుండా నడిచే ఇంజిన్ సిలిండర్ చల్లబడి ఇంధనం సరిగా మండదు. ఈ సందర్భంలో మసికి అసలు కారణం బ్యాటరీయే.

థర్మోస్టాట్ తొలగించడం: దమ్ములో రేడియేటర్ జాలీలకు బురద, గడ్డి పట్టి ఇంజిన్ వేడెక్కినప్పుడు, జాలీలను కడగడానికి బదులు థర్మోస్టాట్‌ను తీసివేయడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. సాధారణంగా ఇంజిన్ నీరు 80 నుండి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. థర్మోస్టాట్ లేని ఇంజిన్ డిసెంబరు, జనవరి ఉదయాల్లో యాసంగి దమ్ము చేసేటప్పుడు ఆ వేడిని త్వరగా అందుకోలేదు. ఎండాకాలపు సమస్యకు చేసిన చికిత్స చలికాలంలో మసిగా పరిణమిస్తుంది.

మితిమీరిన బరువు: లోతైన దిగుబడి మడిలో ఇనుప చక్రాలతో, పెద్ద గేరులో ఇంజిన్ వేగం పడిపోతున్నా లాగించడం వల్ల గవర్నర్ ఎక్కువ ఇంధనం పంపుతుంది, దానికి సరిపడా గాలి అందదు. పొగ నల్లబడిన వెంటనే ఒక గేరు తగ్గించడం డ్రైవరు చేతిలో ఉన్న తక్షణ నివారణ.

ఇంధనం, ఆయిల్: మూతలేని డ్రమ్ముల్లో నిల్వ చేసిన డీజిల్‌లో నీరు, దుమ్ము చేరి నాజిల్‌ను పాడుచేస్తాయి. గడువు దాటిన ఇంజిన్ ఆయిల్, కొలత గీతకు మించి పోసిన ఆయిల్ కూడా నిక్షేపాలను పెంచుతాయి.

నిర్ధారణ

పొగ రంగు తొలి సూచిక. బరువు పడినప్పుడు ఎడతెగని నల్ల పొగ వస్తే గాలి కొరత, ఇంజెక్టర్ లోపం లేదా అధిక భారం ఉన్నట్లు. నీలి పొగ ఆయిల్ కాలుతున్నదని తెలుపుతుంది. ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే కాలని ఇంధనం లేదా సిలిండర్‌లోకి చేరిన నీరు కారణం కావచ్చు. శక్తి తగ్గడం, డీజిల్ వాడకం పెరగడం, స్టార్టింగ్ ఆలస్యం కావడం, శబ్దం గరుకుగా మారడం, బ్రీదర్ గొట్టం నుండి పొగ రావడం ఇతర లక్షణాలు.

సైలెన్సర్ గొట్టం లోపలి అంచును చల్లారిన తరువాత గుడ్డతో తుడిచి చూడాలి. పొడి మసి ఉంటే లోపం గాలి లేదా ఇంధనం వైపు, జిడ్డుగా ఉంటే రింగులు లేదా వాల్వు గైడ్ల వైపు వెతకాలి. ఇది స్థూల సూచన మాత్రమే. అయినా హెడ్ విప్పాలా, వద్దా అన్న నిర్ణయానికి ఎంతో తోడ్పడుతుంది. పరీక్ష ఎల్లప్పుడూ తక్కువ ఖర్చుతో మొదలుకావాలి. ముందుగా ఎయిర్ క్లీనర్, తరువాత ఇంధన ఫిల్టర్లు, థర్మోస్టాట్, ఇంజెక్టర్లు, వాల్వు క్లియరెన్సు, చివరగా కంప్రెషన్ పరీక్ష. ఈ క్రమం పాటిస్తే చాలా సందర్భాల్లో హెడ్ విప్పవలసిన అవసరమే రాదు.

తొలగింపు విధానం

మొదటి దశ – విప్పకుండా చేసే పనులు: ఆయిల్ బాత్ రకం ఎయిర్ క్లీనర్ గిన్నెలోని మడ్డిని తీసి, గిన్నెను కడిగి, గుర్తు వరకు కొత్త ఆయిల్ పోయాలి. దుమ్ము పనుల్లో దీనిని ప్రతిరోజూ చూడాలి. పొడి రకం ఫిల్టర్‌ను లోపలి నుండి బయటకు తక్కువ పీడనపు గాలితో ఊదాలి. నేలకు కొట్టడం, డీజిల్‌తో కడగడం చేయరాదు. రేడియేటర్ జాలీలను కడిగి, థర్మోస్టాట్ లేకుంటే తిరిగి అమర్చాలి. ఇంధన ఫిల్టర్లు మార్చి, వాల్వు క్లియరెన్సును తయారీదారు పుస్తకంలో చెప్పిన కొలతకు సరిచేయాలి. ఆ తరువాత సరైన గేరులో, తగిన బరువుతో అర్ధగంట దుక్కి చేయిస్తే పలుచని పొడి మసి చాలావరకు కాలిపోతుంది.

రెండవ దశ – ఇంజెక్టర్లు: మొదటి దశ తరువాత కూడా పొగ తగ్గకపోతే ఇంజెక్టర్లను విప్పాలి. విప్పే ముందే చుట్టూ ఉన్న దుమ్మును శుభ్రం చేసి, విప్పిన పైపుల మూతులను మూసి ఉంచాలి. నాజిల్ కొనపై మసిని డీజిల్‌లో నానబెట్టి మెత్తని ఇత్తడి బ్రష్‌తో తీయాలి. రంధ్రాలను సరైన పరిమాణపు శుభ్రపరచు సూదితోనే తెరవాలి. మామూలు తీగ వాడితే రంధ్రం పెద్దదై తుంపర పాడవుతుంది. అనంతరం పరీక్షా పంపుపై తెరుచుకునే పీడనం, తుంపర ఆకారం, చుక్క కారడం పరిశీలించాలి. పరీక్షలో సరిపోని నాజిల్‌ను మార్చడమే మేలు. బిగించేటప్పుడు రాగి వాషర్ కొత్తది వేసి, ఇంధన మార్గంలోని గాలిని తీయాలి. పరీక్ష జరిగేటప్పుడు తుంపర ఎదుట చేయి ఉంచరాదు. అది చర్మాన్ని చీల్చుకొని రక్తంలో చేరే ప్రమాదం ఉన్నది.

మూడవ దశ – హెడ్ విప్పి శుభ్రపరచడం: కంప్రెషన్ తగ్గినప్పుడు, వాల్వులు సరిగా కూర్చోనప్పుడు, రింగులు బిగుసుకున్నాయని తేలినప్పుడు మాత్రమే ఇది అవసరం. అనుభవం గల మెకానిక్ చేత, నీడలో, దుమ్ములేని చోట చేయించాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాత నీటిని తీసి, హెడ్ బోల్టులను అంచుల నుండి మధ్యకు కొద్దికొద్దిగా వదులు చేయాలి. వేడిగా ఉండగా విప్పితే హెడ్ వంగవచ్చు.

శుభ్రపరచే పిస్టన్‌ను పై స్థానానికి తెచ్చి, పిస్టన్‌కు లైనర్‌కు మధ్య సందులో గ్రీజు పూయాలి. నీటి, ఆయిల్ రంధ్రాలను, పుష్‌రాడ్ మార్గాలను, పక్క సిలిండర్లను శుభ్రమైన గుడ్డలతో మూయాలి. మసిని కిరోసిన్‌తో మెత్తబరచి చెక్క లేదా ప్లాస్టిక్ పనిముట్టుతో గోకాలి. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం గనుక ఉక్కు పనిముట్టు గీతలు పెడుతుంది. ఆ గీతల్లోనే మళ్లీ మసి నిలుస్తుంది. పని ముగిశాక పిస్టన్‌ను కొద్దిగా క్రిందికి దించితే మసితో కలిసిన గ్రీజు వలయం లైనర్ గోడపై నిలుస్తుంది, దానిని తుడిచివేయాలి. నీటిలో తడిసే లైనర్లు ఉన్న ఇంజిన్లలో హెడ్ తీసిన తరువాత లైనర్లను బిగించి ఉంచకుండా క్రాంక్‌ను తిప్పరాదు. లైనర్ పైకి లేచి క్రింది రబ్బరు సీళ్లు చెదిరితే ఇంజిన్ ఆయిల్‌లో నీరు కలుస్తుంది.

వాల్వులను విప్పేటప్పుడు ఏది ఏ సీటుకు చెందినదో గుర్తు పెట్టాలి. మసి తీసిన తరువాత ముతక, నున్నని గ్రైండింగ్ పేస్టులతో వరుసగా రుద్ది, పేస్టు కణం ఒక్కటి కూడా మిగలకుండా కడగాలి. హెడ్‌ను తిరగవేసి పోర్టులో కిరోసిన్ పోసి, సీటు వద్ద చెమ్మ కనిపిస్తే మళ్లీ రుద్దాలి. రింగులు బిగుసుకుంటే పిస్టన్‌ను బయటకు తీసి, రింగులు తొలగించి, గాడిలోని మసిని గాడి లోహం తరగకుండా తీయాలి. హెడ్ గాస్కెట్ తప్పనిసరిగా కొత్తదే వాడాలి. బోల్టులను మధ్య నుండి అంచులకు, దశలవారీగా, టార్క్ రెంచితో బిగించాలి. చివరగా ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చి, వాల్వు క్లియరెన్సు సరిచేయాలి.

చేయకూడని పనులు

నడుస్తున్న ఇంజిన్ గాలి గొట్టంలో నీరు పోసి మసిని వదిలించే ప్రయత్నం అత్యంత ప్రమాదకరం. నీరు నలగదు గనుక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కాస్టిక్ సోడా ద్రావణం అల్యూమినియం భాగాలను తినివేస్తుంది. సైలెన్సర్‌లో మసిని నిప్పుపెట్టి కాల్చే పనిని గడ్డివాము, కోత పొలం దగ్గర చేయరాదు. ఇంధనంలో కలిపే ద్రావకాలు పలుచని నిక్షేపాలకు కొంతవరకు ఉపకరించినా, అరిగిన రింగును గానీ, కారుతున్న నాజిల్‌ను గానీ బాగుచేయలేవు. డీజిల్‌లో కిరోసిన్ కలపడం వల్ల పంపు, నాజిల్ భాగాలకు అవసరమైన జిడ్డు తగ్గి అవి త్వరగా అరుగుతాయి.

కొత్త తరహా ఇంజిన్లు

భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి 10 పీపీఎం గంధకం గల బీఎస్-6 డీజిల్ అమలులోకి వచ్చింది. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు వర్తిస్తున్నాయి. ఈ తరగతి ఇంజిన్లలో కామన్ రైల్ ఇంధన వ్యవస్థ, కొన్నింటిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటాయి. కామన్ రైల్ పైపుల్లో పీడనం 1000 బార్‌కు మించి ఉంటుంది కాబట్టి పొలంలో వాటిని వదులు చేయరాదు. వాటి ఇంజెక్టర్లను బ్రష్, సూదులతో శుభ్రపరచరాదు. మసి ఫిల్టర్ తనను తాను కాల్చుకొని శుభ్రపడే సమయంలో మాటిమాటికీ ఇంజిన్ ఆపరాదు. అప్పుడు వెలువడే వేడి అధికం గనుక ట్రాక్టరును గడ్డికి దూరంగా ఉంచాలి. పైన చెప్పిన రెండవ, మూడవ దశలు సాధారణ పంపు గల ఇంజిన్లకు మాత్రమే వర్తిస్తాయి.

కార్లలో పరిస్థితి కొంత భిన్నం. సిలిండర్‌లోకే నేరుగా పెట్రోలు చిమ్మే ఇంజిన్లలో ఇంధనం ఇన్‌టేక్ వాల్వులను తాకదు గనుక వాటిపై జిడ్డు మసి పేరుకుంటుంది. దానిని తీయడానికి కొన్ని దేశాల్లో అక్రోటు కాయల పెంకు పొడిని గాలితో కొట్టే పద్ధతి వాడుకలో ఉన్నది. మసిని తీసేంత గట్టిదనం, లోహాన్ని గీయనంత మెత్తదనం ఆ పెంకుకు ఉండటమే ఇందుకు కారణం. చెక్క పనిముట్టు వాడాలన్న సూచన వెనుక ఉన్నదీ ఇదే సూత్రం.

పంటల క్యాలెండరుతో జోడింపు

మడికొండ పక్కనే కాజీపేటలో రైల్వే డీజిల్ లోకో షెడ్ ఉన్నది. రైలు ఇంజిన్‌ను అది ఆగిపోయే వరకు వేచి చూడక, నిర్ణీత కాలానికి షెడ్‌కు రప్పించి పరీక్షించడం అక్కడి పద్ధతి. సేద్యపు ఇంజిన్‌కూ ఇదే వర్తించాలి. అయితే ఇక్కడ కాలాన్ని నిర్ణయించేది పంట.

ఏప్రిల్ చివర యాసంగి కోతలు ముగిసిన నాటి నుండి మృగశిర కార్తె వరకు ఉన్న విరామం ఇంజెక్టర్ల పరీక్షకు, అవసరమైతే హెడ్ పనికి అనువైనది. విడిభాగాలు రావడానికి, నాజిల్ పరీక్షకు, మెకానిక్ తీరిక దొరకడానికి సమయం ఉంటుంది. జూలైలో దమ్ములు మొదలయ్యాక ప్రతి వర్క్‌షాపు ముందూ వరుస తప్పదు. వానాకాలం కోతల తరువాత, యాసంగి దమ్ముకు ముందు దొరికే కొద్ది వ్యవధిలో థర్మోస్టాట్, బ్యాటరీ, ఎయిర్ క్లీనర్, వాల్వు క్లియరెన్సు చూసుకుంటే చాలు. ట్రాక్టరు గంటల మీటరు, పోసిన డీజిల్, మార్చిన ఆయిల్ వివరాలను ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. గంటకు అయ్యే డీజిల్ క్రమంగా పెరగడం పొగ కన్నా ముందే కనిపించే హెచ్చరిక.

లెక్క కోసం ఒక ట్రాక్టరు గంటకు 5 లీటర్ల చొప్పున ఏడాదికి 600 గంటలు నడిచిందనుకుంటే 3000 లీటర్ల డీజిల్ ఖర్చవుతుంది. మసి వల్ల వాడకం 5 శాతం పెరిగినా 150 లీటర్లు వృథా. ట్రాక్టర్లను కిరాయికి నడిపే రైతులు, యంత్రాల అద్దె కేంద్రాలు ఈ లెక్కను తమ సొంత నోటు పుస్తకంతో సరిచూసుకోవాలి.

ఆరోగ్యం, నేల రక్షణ

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ ఇంజిన్ పొగను మానవులలో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నల్ల పొగ విడిచే ట్రాక్టరు వెనుక దినమంతా పనిచేసేది డ్రైవరు, రైతు, కూలీలే. మసి తీసేటప్పుడు పొడిగా ఊదక, తడిపి తుడవాలి. మాస్కు, చేతి తొడుగులు వాడాలి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపరాదు. మసి కలిసిన కిరోసిన్, పాత ఆయిల్‌ను గట్ల మీద, కాలువల్లో, బావుల దగ్గర పారబోస్తే నేల, నీరు రెండూ కలుషితమవుతాయి. వాటిని డబ్బాల్లో సేకరించి, పాత ఆయిల్ సేకరించే అధీకృత వారికి అప్పగించాలి.

ముగింపు

కర్బన నిక్షేపం ఇంజిన్ రాసుకున్న దినచర్య వంటిది. మూసుకుపోయిన ఎయిర్ క్లీనర్, ఆపకుండా వదిలిన ఇంజిన్, తీసివేసిన థర్మోస్టాట్, పెద్ద గేరులో చేసిన దమ్ము అన్నీ అందులో నమోదవుతాయి. దానిని చదవకుండా చెరిపివేస్తే మరుసటి సీజనులో అదే మళ్లీ రాయబడుతుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల లభించే శిక్షణను గ్రామీణ యువత ఉపయోగించుకోవాలి. విత్తనం, ఎరువు సిద్ధం చేసుకునే రోజుల్లోనే ఇంజిన్‌నూ సిద్ధం చేసుకున్న రైతుకు, నారు అదనుకు వచ్చిన రోజున మడిలో దిగడానికి ట్రాక్టరు సిద్ధంగా ఉంటుంది.